కంటిని నమ్మని చంద్రప్ప

పెనుకొండ బస్టాండు దగ్గర దర్జీ చంద్రప్ప ఎదుట నాలుగు మాటలు మాత్రం అనకూడదు. పెద్ద, చిన్న, పొడుగు, పొట్టి. వీటిలో ఏ ఒక్కటి చెవిన పడినా ఆయన మెడలోని టేపు సర్రున చేతిలోకి దిగేది. కుడుతున్న రవికెను సూది కిందే వదిలేసి, చెప్పుల్లో సగం పాదాలు మాత్రమే దూర్చుకుని వచ్చి, "ఏదీ, కొలుద్దాం రా" అనేవాడు. మనిషైనా, గుమ్మడికాయైనా, బస్సు కిటికీ అయినా ఆయనకు ఒకటే. టేపుకు అందనివాటిని కూడా వదలడని నాకు తర్వాత తెలిసింది. ఆ సంగతికి వస్తాను.

తొంభై రెండులో నేను ఆయన పక్క గదిలో ఎస్టీడీ బూత్ పెట్టాను. మొదటిరోజే నోరు జారాను.

"చంద్రప్పన్నా, నీ రూము పెద్దది, నాది చిన్నది. ఓనరు మాత్రం ఇద్దరి దగ్గరా బాడుగ ఒకటే తీసుకుంటాండాడు."

మిషను ఆగిపోయింది.

"నాది పెద్దదని ఎవరు చెప్పినారు?"

"ఒకరు చెప్పేదేముండాది? కనిపిస్తాండాది కదా."

"దేనికి కనిపిస్తాండాది?"

"కంటికి."

"కంటి మాట నమ్మొద్దప్పా" అన్నాడు, వీధిలో తిరిగే దొంగ గురించి హెచ్చరిస్తున్నట్టు గొంతు తగ్గించి. "పట్టు ఆ కొన."

పట్టుకున్నాను. నా గది ఆయన గది కంటే నాలుగంగుళాలు పొడవు! నమ్మలేక నేనే మళ్ళీ కొలిచాను. ఈసారి నాలుగున్నర వచ్చింది. ఆయన గదికి తెల్ల సున్నం, వెనక గోడకు నిలువెత్తు అద్దం. నాది ముదురు నీలం రంగు. "నీ కన్ను సున్నానికీ అద్దానికీ మోసపోయిందప్పా" అని చెప్పి ఆయన మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు. మా బూత్‌కు వచ్చిన మొట్టమొదటి గిరాకీ, తెరిచిన నోరు మూయని నన్ను చూసి, ఫోను చేయకుండానే వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లో లైను కలవాలంటే అరగంటైనా కాచుకోవాలి. నా బూత్ ముందు కాచుకునేవాళ్ళంతా చంద్రప్ప చేతికి చిక్కేవాళ్ళు. తన గోడ మీద బొగ్గుముక్కతో ఒకదాని కింద ఒకటిగా రెండు గీతలు గీసి పెట్టాడు. పైదాని కొనలకు బయటికి విచ్చుకున్న కొమ్మలు, కిందిదాని కొనలకు లోపలికి ముడుచుకున్న కొమ్మలు. ఏది పొడుగు? అంతే ప్రశ్న.

ఒకరోజు అగళి నుంచి గొర్రెల హనుమంతప్ప వచ్చాడు. బెంగుళూరులో ఉన్న కొడుకుతో అర్జెంటుగా మాట్లాడాలని ఆయాసపడుతున్నాడు.

"లైను కలిసేలోగా ఇది చెప్పు మామా. ఏ గీత పొడుగు?"

"పైది. అదేమి అడిగేది? నాలుగు వేళ్ళు ఎక్కువుండాది."

టేపు పడింది. రెండూ పద్దెనిమిది అంగుళాలు. హనుమంతప్ప టేపును లాగి చూశాడు, అది సాగే రకమేమోనని. తన తుండుగుడ్డ తీసి కొలిచాడు. తర్వాత గొర్రెలు తోలే కట్టెను ఆనించి చూశాడు. సమానం. నాలుగడుగులు వెనక్కి నడిచి మళ్ళీ చూశాడు.

"అబ్బయ్యా! సమానమని తెలిసినాక గూడా పైదే పొడుగ్గా కనిపిస్తాండాదే!"

"అదే కదా మామా దాని పొగరు! కంటికి నిజం చెప్పినా సిగ్గుండదు."

అప్పుడే లైను కలిసింది. హనుమంతప్ప ఫోను అందుకుని, "రేయ్, ఈడ గోడ మీద రెండు గీతలుండాయిరా..." అని మొదలుపెట్టి, మొత్తం అదే చెప్పి పెట్టేశాడు. గంట తర్వాత తల బాదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. కొడుక్కి సంబంధం కుదిరిందనీ, ఆదివారానికి ఊరికి రమ్మనీ చెప్పడానికి వచ్చాడట మొదట!

రత్నమ్మ టీచరమ్మది ఇంకో కథ. కొంచెం బొద్దుగా ఉండేది. చుడీదారు కుట్టమని నిలువు చారల గుడ్డ తెచ్చింది.

"నిలువు చారలెందుకు టీచరమ్మా?"

"సన్నగా కనబడతామంట కదా."

చంద్రప్ప పలక తీసుకుని రెండు చదరాలు గీశాడు. రెండూ ఒకే కొలత. ఒకదాని నిండా నిలువు గీతలు, ఇంకోదాని నిండా అడ్డగీతలు. "ఏది సన్నంగా, ఎత్తుగా ఉండాది?"

టీచరమ్మ చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. నేనూ బూత్‌లోంచి తొంగి చూశాను. అడ్డగీతల చదరం నిక్కి నిలబడ్డట్టుంది. నిలువు గీతలది అన్నం తిని కూచున్నట్టుంది.

టీచరమ్మ స్టూలు మీద కూలబడింది. "ఇరవై ఏండ్లప్పా! ఇరవై ఏండ్లుగా నిలువు చారలే కడతాండా. నన్ను మోసం చేసినారు!" ఎవరు మోసం చేశారో చెప్పలేదు గానీ, ఆ సాయంత్రమే గుడ్డ మార్చుకొచ్చింది.

తొంభై ఆరులో హిందూపురం వెళ్ళాం, దారపు ఉండలు కొనడానికి. ఆకలేసి రామప్ప హోటల్లోకి దూరితే అక్కడ యుద్ధం జరుగుతోంది. గిరాకీలంతా లేచి నిలబడి అరుస్తున్నారు. ఇడ్లీ చిన్నదైపోయిందట. రామప్ప కళ్ళనీళ్ళ పర్యంతమై, "దేవుని మీద ఆన, అవే ఇడ్లీ రేకులు, అదే పిండి" అంటున్నాడు. చంద్రప్ప చెవిలో 'చిన్న' పడనే పడింది. ఇంక ఆయన్ను ఎవరు ఆపగలరు?

ఒక ఇడ్లీ చుట్టూ నడుము కొలిచినట్టు టేపు తిప్పాడు. 

"ఏమప్పా రామప్పా, టిఫిను పెట్టే తట్టలు మార్చినావా?"

"మొన్ననే మార్చినానన్నా. వెడల్పువి తెచ్చినా, గౌరవంగా ఉంటాదని."

"పాతదొకటి తీసుకురా."

పాత చిన్న తట్టలో ఒక ఇడ్లీ, కొత్త పెద్ద తట్టలో ఒక ఇడ్లీ పెట్టాడు. పాత తట్టలోది అంచుల దాకా బలిసి కూచుంది. కొత్త తట్టలోది మైదానంలో తప్పిపోయిన పిల్లలా ఉంది. జనమంతా పాత తట్ట వైపే వేలు చూపారు. చంద్రప్ప రెండు ఇడ్లీలనూ అటూ ఇటూ మార్చాడు. జనం వేళ్ళు మళ్ళీ పాత తట్ట వైపే తిరిగాయి. అందరి కంటే గట్టిగా అరిచిన పెద్దమనిషి కూచుని ఇంకో రెండు ఇడ్లీలు తెమ్మన్నాడు.

రామప్ప మా ఇద్దరికీ టిఫిను పెట్టి, బస్సు దాకా వచ్చి సాగనంపాడు. నెల తర్వాత మళ్ళీ వెళ్ళి చూద్దుము కదా, హోటలు కిటకిటలాడుతోంది. పాత తట్టలకంటే చిన్న తట్టలు వచ్చాయి. చంద్రప్ప అనుమానంగా ఇడ్లీ కొలిచాడు. నిజంగానే అంగుళం తగ్గింది! చుట్టూ అందరూ, "ఇప్పుడు బాగుండాది, ఎంత పెద్ద ఇడ్లీనో" అంటూ తింటున్నారు. చంద్రప్ప రామప్ప వైపు చూశాడు. రామప్ప పైకప్పు వైపు చూశాడు.

"నేను దొంగకు తాళంచెవి ఇచ్చి వచ్చినానప్పా" అన్నాడు చంద్రప్ప బస్సులో. 

ఇక టేపుకు అందని సంగతి. ఒక పున్నమి సాయంత్రం తూర్పున చెట్ల మీదుగా చంద్రుడు లేస్తున్నాడు. ఎర్రగా, బండి చక్రమంత ఉన్నాడు. బస్టాండులో ఎవరో "అబ్బ, ఎంత పెద్ద చంద్రుడో!" అన్నారు. నేను నుదురు కొట్టుకున్నాను. చంద్రప్ప అప్పటికే వీధిలో ఉన్నాడు.

జేబులోంచి జాకెట్లకు కుట్టే టిచ్చుబటన్ తీసి, చెయ్యి బారచాపి, ఒక కన్ను మూసి చంద్రుడికి అడ్డం పెట్టమన్నాడు. పెట్టాను. బండి చక్రమంత చంద్రుడు ఆ గుండీ వెనక పూర్తిగా దాక్కున్నాడు!  "తొమ్మిదికి బాగా పైకెక్కినాక మళ్ళీ పెట్టి చూడు. అప్పుడూ అదే గుండీ సరిపోతాది" అన్నాడు. ఎవరూ నమ్మలేదు.

"సరే, గుండీ వద్దు. అందరూ చంద్రునికి వీపు పెట్టి, వంగి, కాళ్ళ సందులోంచి చూడండి. చంద్రుడు చిన్నగైపోతాడు."

మొదట నేను వంగాను. తలకిందులుగా చూస్తే చంద్రుడు నిజంగానే చిక్కిపోయి, మామూలు చంద్రుడిలా కనిపించాడు. నేను పెట్టిన కేక విని పక్కన బఠానీలమ్మే ఆయన వంగాడు. తర్వాత టీ కొట్టు ఆయన. తర్వాత కదిరి బస్సు కోసం కాచుకున్నవాళ్ళంతా. సరిగ్గా అప్పుడే ధర్మవరం బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తలుపు తీసి చూస్తే, ముప్ఫై మంది వరసగా నడుములు వంచి, కాళ్ళ సందుల్లోంచి తలలు చూపిస్తూ, "అబ్బా! అయ్యో!" అంటున్నారు.

"ఏమైందప్పా ఊరికి?" అన్నాడు మెట్టు మీద నుంచే.

"నువ్వూ దిగి వంగప్పా, తెలుస్తాది!" అన్నాను.

విజిలు ఊది బస్సును లాగించుకుపోయాడు. ధర్మవరంలో మా ఊరి గురించి ఏం చెప్పుకున్నాడో దేవుడికే తెలియాలి.

ఇవన్నీ ఊరికి వేడుకే. నాకు మాత్రం ఒక హింస ఉండేది. రెండు మూడు నెలలకొకసారి ఆయన కుట్టిన జాకెట్టు ఒకటి, ఒక పక్క కొంచెం దిగిన కర్రకు తొడిగి తెచ్చి నా కళ్ళ ముందు వేలాడదీసేవాడు. "రెండు చేతుల అంచుల్లో ఏది కిందికుండాది?" సమానమే అనేవాణ్ణి. "చూసి చెప్పప్పా!" చూసే చెప్పానంటే, ఇంకో నలుగురిని పిలిచి అడిగేవాడు. అందరూ సమానమే అంటే మురిసిపోయేవాడు. ఒక్కరు సందేహించినా రాత్రికి కుట్లన్నీ విప్పేసేవాడు. ఇంత చాదస్తమేమిట్రా అనుకునేవాణ్ణి.

తొంభై ఎనిమిదిలో నా బూత్‌లో పవిత్ర పనికి చేరింది. బస్టాండులో పూలమ్మే ఉలిగమ్మ కూతురు. ఇంటరు చదివింది. చురుకైన పిల్ల. ఐదేళ్ళు నా బల్లకు అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో కూచుని పనిచేసింది. రెండువేల మూడులో పరిగిలో కరెంటు లైన్‌మ్యాన్‌గా ఉన్న మధుతో పెళ్ళి కుదిరింది. పట్టుచీర ఎంచే బాధ్యత ఉలిగమ్మ చంద్రప్పకు అప్పజెప్పింది. నన్నూ తోడు రమ్మన్నారు. నలుగురం ధర్మవరం వెళ్ళాం.

చీరల కొట్టులో పరుపుల మీద కూచున్నాం. చీర తర్వాత చీర విప్పుతున్నారు. చంద్రప్ప ఒక్కటీ ఒప్పుకోడు.

"అంచు వెడల్పు చాల్దు."

"నాలుగంగుళాలుండాదన్నా" అన్నాడు కొట్టు ఆయన.

టేపు దిగింది. మూడుముప్పావు. కొట్టు ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ముప్ఫై ఎనిమిది చీరలయ్యాయి. అప్పుడు పవిత్ర తనే చెయ్యి చాపి వంకాయ రంగు చీర ఒకటి లాక్కుంది. సాదా చీర, సన్నటి అంచు.

"అది నీకు కుదరదు పాపా" అన్నాడు చంద్రప్ప కంగారుగా. "సన్నంచుతో నేనేమీ చెయ్యలేను."

"ఏమీ చెయ్యొద్దు మామా. ఈ ఒక్కసారి కొలత ఎట్లుంటే అట్లే కుట్టు."

 నాకేమీ అర్థం కాలేదు. "కొలత ప్రకారమే కదా కుట్టేది?" అన్నాను.

పవిత్ర నా వైపు తిరిగి నవ్వింది. "అన్నా, నా ఎడమ భుజం అంగుళమున్నర దిగి ఉంటాది. నీకు తెలీదా?"

నేను చూశాను. కొట్టు ఆయనా చూశాడు. రెండు భుజాలూ సమానంగా ఉన్నాయి.

"యాడ?" అన్నాను.

"చిన్నప్పుడే ఎన్నుపూస వంకర తిరిగింది. బడిలో పిల్లోళ్ళు ఏడిపిస్తాంటే, పన్నెండేండ్లప్పుడు మాయమ్మ నన్ను మామ దగ్గరికి పిల్చుకొచ్చింది. అప్పట్నుంచీ నా జాకెట్లు మామే కుడతాడు. ఎడమచేతి అంచు కొంచెం పైన, కుడిచేతి అంచు కొంచెం కింద. రెండంచులూ ఒక మట్టానికి వస్తే జనం కన్ను భుజాల మీదికి పోదంట. ఆ గోడ మీద గీతలూ, పలక మీద చదరాలూ అన్నీ అందుకే అన్నా. ఏ గీత ఎట్ల వేస్తే కన్ను ఎట్ల పోతాదో ముందు మీ మీద చూసుకునేవాడు."

"మరి నా మొహం ముందు వేలాడదీసిన ఆ జాకెట్లు?"

"నావే."

 ఐదేళ్ళు! రోజుకు తొమ్మిది గంటలు! చంద్రప్ప వైపు చూస్తే, దొంగతనం బయటపడ్డవాడిలా చీరల అంచులు సర్దుతున్నాడు. ఏళ్ళ తరబడి కన్ను చేసే మోసాలను వీధివీధికీ చాటిన మనిషి, ఇంట్లో కూచుని అదే కంటిని మోసం చేయడానికి ఒక పిల్ల కోసం రాత్రింబవళ్ళు కుట్లు విప్పి కుట్టాడన్నమాట!

"మధుకు తెలుసా?" అన్నాను చివరికి.

"మొదటి దినమే చెప్పినా. ఆయనా నీ మాదిరే 'యాడ?' అన్నాడు. ఇంక ఎవరి దగ్గర దాచేదన్నా?"

చంద్రప్ప అప్పుడు నోరు విప్పాడు. "పెండ్లికి ఐదొందల మంది వస్తారు పాపా. అంతమంది చూస్తారు. నువ్వు ఆ దినం నా మిషను కింద దూరి ఏడ్చింది నేను మర్చిపోలేదు."

"నేను మర్చిపోతి మామా" అంది పవిత్ర.

 ఆయన వంకాయ రంగు చీరను కొట్టు ఆయన వైపు తోశాడు. "కట్టప్పా, ఇదే."

మూడు గంటల్లో అయ్యే జాకెట్టుకు ఆరు రోజులు పట్టింది. అలవాటు కొద్దీ చెయ్యి తనంతట తానే ఎడమ అంచును పైకి లేపేదట. కుట్టడం, తిట్టుకోవడం, విప్పడం.

పెళ్ళి హిందూపురంలో జరిగింది. చంద్రప్ప ముందు వరసలో, పరీక్ష ఫలితాల కోసం కాచుకున్నవాడిలా కూచున్నాడు. మెడలో టేపు లేదు, పట్టు కండువా ఉంది. పవిత్ర పీటల మీదికి వచ్చింది. ఆయన గభాలున వెనక్కి తిరిగి జనం ముఖాలు చూశాడు. అందరూ అక్షింతలు సర్దుకుంటున్నారు. ఒక్కరూ ఏమీ అనలేదు.

కాసేపటికి ఆగలేక లేచాడు. నేరుగా రత్నమ్మ టీచరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"టీచరమ్మా, పెండ్లికూతురి భుజాలు ఎట్లుండాయి?"

"భుజాలా? నేను నగ చూస్తాండా. ఏమప్పా నీకు, ఒంట్లో బాగుండాదా?"

మగపెళ్ళివారి వైపు మధు మేనత్త ఓబులమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె పవిత్రను చూడడం అదే మొదటిసారి.

"అక్కా, పిల్లను బాగా చూసినావా? ఏమన్నా తేడా కనిపించిందా?"

"కనిపించింది" అంది ఓబులమ్మ. చంద్రప్ప ఇంకొంచెం దగ్గరికి వంగాడు. "మావాని కంటే ఆ పిల్లే కళగా ఉండాది."

ఇట్లా పదిమందిని అడిగాడు. చివరికి నేనే రెక్క పట్టుకుని పక్కకు లాక్కొచ్చాను. "అన్నా, ఊరుకో. ఎవరికీ పట్టనిదాన్ని నువ్వే చాటింపు వేస్తాండావు."

"నీకు కనిపిస్తాండాదా?"

తెలిసి తెలిసి, కళ్ళు చిట్లించి చూశాను. "లేదన్నా. నాకు మన పవిత్రే కనిపిస్తాండాది."

"అంగుళమున్నరప్పా!" అన్నాడు, కోపంతోనో సంతోషంతోనో నాకు తెలియలేదు. "ఎదురుగా ఉండాది అంగుళమున్నర! ఇంతమందిలో ఒక్కరికీ కండ్లు లేవా? పద్నాలుగేండ్ల నా పని ఏమైనట్టు?"

ఇంతలో పవిత్ర పీటల మీది నుంచి చెయ్యి ఊపి, ఫోటోకు రమ్మని పిలిచింది. చంద్రప్ప కండువా సర్దుకుని వధూవరుల మధ్య నిలబడ్డాడు. ఫోటోగ్రాఫరు కెమెరాలోంచి చూసి తల అడ్డంగా ఊపాడు.

"సమంగా నిలబడండి. ఒక భుజం బాగా దిగింది."

 చంద్రప్ప పవిత్రకు అడ్డంగా సగం జరిగాడు. "ఎవరిది?"

"మీదే పెద్దాయనా. కుడి భుజం."

"నాదా?"

అందరం చూశాం. ముప్ఫై ఏళ్ళు మిషను మీద ఒక పక్కకు వంగి వంగి, ఆయన కుడి భుజం రెండంగుళాలైనా కిందికి జారిపోయి ఉంది! పదకొండేళ్ళుగా పక్క గదిలో ఉన్నాను. నేను చూడలేదు. ఊళ్ళో ఎవరూ చూడలేదు. లోకమంతా కొలిచిన మనిషి తనను తాను ఏనాడూ కొలుచుకోలేదు.

పవిత్రకు నవ్వు ఆగలేదు. ఆయన మెడలోంచి కండువా తీసి, నాలుగు మడతలు వేసి, కుడి భుజం మీద ఎత్తుగా పరిచింది. రెండడుగులు వెనక్కి వెళ్ళి, తల ఒక పక్కకు వంచి చూసింది. మళ్ళీ వచ్చి ఇంకో మడత వేసింది.

"ఇప్పుడు బాగుండాది మామా. కదలొద్దు."

ఫ్లాషు వెలిగింది. ఆ ఫోటో ఒకటి నాకూ ఇచ్చారు. ఎస్టీడీ బూత్ పోయి సెల్‌ఫోన్ల అంగడి అయినా దాన్ని గోడకే ఉంచాను. అందులో పవిత్ర నవ్వుతోంది, మధు నవ్వుతున్నాడు. మధ్యలో చంద్రప్ప నోరు తెరుచుకుని, కళ్ళు ఇంత చేసుకుని, తన భుజం వైపే చూస్తున్నాడు.